కామెంట్లలో కనిపించే ప్రజ

పోలవరం డయాఫ్రమ్ వాల్ ఎందుకు దెబ్బతిన్నదన్నది ఇంజినీర్లు తేల్చగల ప్రశ్న. నీటిని తాత్కాలికంగా ఆపే కాఫర్ డ్యాంలు పూర్తి కాకముందే నది అడుగున గోడ కట్టారు. 2019లో ప్రభుత్వం మారింది, కాంట్రాక్టరు మారాడు, కాఫర్ డ్యాంలలో వదిలిన ఖాళీలు పూడలేదు. వరద వచ్చింది, గోడ కోసుకుపోయింది. కాఫర్ డ్యాం లేకుండా గోడెందుకు కట్టారని వైఎస్సార్‌సీపీ అడుగుతుంది. కట్టిన గోడను ఎందుకు కాపాడుకోలేదని టీడీపీ అడుగుతుంది. రెండూ అడగదగ్గ ప్రశ్నలే. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది గనక, పాత గోడ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నదీ న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు దీని మీద ఏ యూట్యూబ్ వీడియోనైనా తీసుకుని కింద కామెంట్లు చదవండి. నాలుగో కామెంటుకల్లా ‘పచ్చ మీడియా’ వస్తుంది, ఐదోదానికి ‘పేటీఎం బ్యాచ్’ వస్తుంది. పదో కామెంటుకు కాంట్రాక్టరు కులం, ఇరవయ్యోదానికి ఏ హీరో సినిమా ఎన్ని రోజులు ఆడిందో తేలిపోతాయి. మధ్యలో ఎక్కడో ఒకాయన, రిటైరైన ఇంజినీరే కావచ్చు, ఓపిగ్గా ఆరు పేరాలు రాసి ఉంటాడు: స్పిల్‌వే మీదుగా నది మళ్లక ముందు ఎంత ప్రవాహం వచ్చింది, గ్యాపుల దగ్గర వేగం ఎంత పెరుగుతుంది, ఇసుక ఎలా కోసుకుపోతుంది. దానికి రెండు లైకులు, ఒక జవాబు. ఆ జవాబు: ‘నీకెంత ఇచ్చారు బ్రో?’

దీన్ని ప్రజాభిప్రాయం అనుకోవచ్చా అన్నదే అసలు ప్రశ్న. మన పత్రికలూ చానళ్లూ అనుకుంటున్నాయి. ‘నెటిజన్లు ఏకిపారేస్తున్నారు’ అనే శీర్షిక పెట్టి, దాని కింద మూడు ట్వీట్లు అతికించి వార్త అంటున్నాయి. పార్టీలు అనుకుంటున్నాయి, అందుకే డబ్బు పెడుతున్నాయి. పోలీసులూ అనుకుంటున్నారు, అందుకే కేసులు పెడుతున్నారు. ఇంతమంది నమ్ముతున్న సంగతిని కాస్త నిదానంగా పరిశీలించడం మంచిది.

తెలుగువాళ్లు కంప్యూటరు మీద రాజకీయాలు మాట్లాడుకోవడం ఫేస్‌బుక్‌తో మొదలు కాలేదు. 1990లలోనే, ఎక్కువగా అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాసుకుంటూ వాదించుకున్నారు. తరవాత యాహూ గ్రూపులు వచ్చాయి. 2006 నాటికి లేఖిని లాంటి పరికరాలతో తెలుగు లిపిలో రాయడం తేలికైంది. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు రోజువారీ టపాలన్నిటినీ ఒకచోట చేర్చాయి. రాసేవాళ్లూ చదివేవాళ్లూ దాదాపు ఒకరికొకరు తెలుసు. ఒకరు టపా రాస్తే ఇంకొకరు తమ బ్లాగులో జవాబు టపా రాసేవారు. నిన్న అన్న మాట ఇవాళ కాదంటే పాత టపా లంకె తెచ్చి ముందు పెట్టేవారు.

ఆ చర్చకు పెద్ద పరీక్ష తెలంగాణ. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, 23న వెనకడుగు, 2011 జనవరిలో ఆరు ప్రత్యామ్నాయాలతో శ్రీకృష్ణ కమిటీ నివేదిక. వీటి మీద బ్లాగుల్లో జరిగిన వాదన ఘాటైనదే. కానీ ఆ వాదనలో ముల్కీ నిబంధనలుండేవి, 1956 పెద్దమనుషుల ఒప్పందం ఉండేది, 610 జీవో ఉండేది, కృష్ణా నీటి వాటాలుండేవి. ఎదుటివాడిని ఓడించడానికైనా సరే, చదువుకుని రావలసి వచ్చేది.

ఆ రోజులు తలుచుకుని నిట్టూర్చేవాళ్లు రెండు సంగతులు దాటవేస్తారు. ఒకటి, అప్పుడూ ‘అజ్ఞాత’లు ఉన్నారు. పేరు లేకుండా వచ్చి, ముఖ్యంగా ఆడవాళ్ల బ్లాగుల్లో, నోటికొచ్చింది రాసిపోయేవారు. వ్యాఖ్యలకు మోడరేషన్ పెడితే భావప్రకటన స్వేచ్ఛను హరించారని గొడవ చేసేవారు. రెండోది, ఆ చర్చ చేసింది ఎవరు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ప్రవాసులు, కొందరు ఉపాధ్యాయులు, జర్నలిస్టులు. పై కులాల మగవాళ్లే ఎక్కువ. రైతు ఆత్మహత్యల మీద చర్చ జరిగేది, రైతు ఉండేవాడు కాదు. మర్యాద కొంతవరకు ఆ గది చిన్నదవడం వల్ల వచ్చింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ గది గోడలు కూలాయి. డేటా చౌకైంది. టైపు చేయడం రానివాడికి వాయిస్ మెసేజ్ ఉంది, రాయడం ఇష్టం లేనివాడికి వీడియో ఉంది. దీనివల్ల చెడిపోయిందేమిటో అందరూ చెబుతారు, బాగుపడిందేమిటో చెప్పేవాళ్లు తక్కువ. జియోకు ముందే, 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు అతని ఉత్తరం పత్రికల అనుమతి కోసం ఆగలేదు, ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్లింది. విశ్వవిద్యాలయాల్లో కులం గురించి తెలుగు పత్రికలు అన్నేళ్లు మాట్లాడనంత ఆ రెండు నెలల్లో దళిత విద్యార్థులు సొంత పేజీల్లో మాట్లాడారు. 2024 జూలైలో కువైట్ ఎడారిలో చిక్కుకుపోయిన అన్నమయ్య జిల్లా కార్మికుడొకరు కన్నీళ్లతో వీడియో పెడితే, అది మంత్రి దాకా వెళ్లింది, కొద్దిరోజుల్లో ఆ కార్మికుడు ఇల్లు చేరాడు. పాతకాలంలో అయితే ఆ కుటుంబం కలెక్టరేట్ మెట్ల మీద అర్జీ పట్టుకుని నెలలు తిరిగేది. ఆన్‌లైన్ మాటలన్నీ చెత్త అనేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

అయితే గోడలు కూలిన చోట గుంపు పోగయింది. అందులో మాట్లాడేది ఎంతమంది?

వెబ్ వాడకం మీద పనిచేసిన యాకబ్ నీల్సన్ 2006లోనే ఒక లెక్క చెప్పాడు. ఏ ఆన్‌లైన్ సమూహంలోనైనా వందకు తొంభై మంది ఊరికే చదివిపోతారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు ఏదో అంటారు, ఒక్కరు మాత్రం ఎడతెగకుండా రాస్తారు. ఇది కచ్చితమైన సూత్రం కాదు, అంచనా. కానీ మీ వాట్సాప్ గ్రూపుల్లో దేన్ని చూసినా పెద్ద తేడా ఉండదు. డెన్మార్క్ పరిశోధకులు అలెగ్జాండర్ బోర్, మైకేల్ పీటర్సన్ 2022లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. మామూలుగా మంచివాడే, కీబోర్డు ముందు కూర్చుంటే రాక్షసుడవుతాడని మనందరి నమ్మకం కదా. అది చాలావరకు తప్పని వాళ్లు తేల్చారు. ఆన్‌లైన్లో దురుసుగా ఉండేవాడు బయటా దురుసువాడే. తేడా ఏమిటంటే బయట వాడి అరుపు టీ కొట్టు దాకే వినబడుతుంది, ఇక్కడ జిల్లా అంతా వినబడుతుంది.

అరుపును అంతదూరం మోసుకెళ్లేది ఎవరన్నది తరవాతి ప్రశ్న. ఫేస్‌బుక్ లోపలి పత్రాలు 2021లో బయటపడ్డాయి. 2017 నుంచి కొంతకాలం ఆ సంస్థ కోపం బొమ్మతో సహా ఎమోజీ స్పందనలన్నిటికీ మామూలు లైకుకన్నా ఐదు రెట్లు విలువ ఇచ్చి, దాన్నిబట్టి ఎవరికి ఏది చూపాలో నిర్ణయించిందని అప్పుడు తెలిసింది. కోపం ఎక్కువ తెప్పించిన పోస్టుల్లో అబద్ధాలూ ద్వేషమూ ఎక్కువ ఉన్నాయని వాళ్ల సొంత ఉద్యోగులే చెప్పాక కోపానికిచ్చే విలువను తగ్గిస్తూ వచ్చి, 2020లో సున్నా చేశారు. అంటే కొన్నేళ్లపాటు మనం ‘జనం కోపంగా ఉన్నారు’ అనుకున్నదాంట్లో కొంత భాగం ఎక్కడో కాలిఫోర్నియాలో ఎవరో పెట్టిన అంకె.

దీని అర్థం యంత్రాన్ని సరిచేస్తే మనుషులు మారతారని కాదు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కొందరికి అల్గారిథం ఎంపిక తీసేసి, పోస్టులను కాలక్రమంలో చూపించి పరీక్షించారు. మూడు నెలల తరవాత వాళ్ల రాజకీయ అభిప్రాయాలు చెప్పుకోదగ్గంత మారలేదని 2023లో ఫలితాలు వచ్చాయి. క్రిస్ బెయిల్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగం ఇంకా చిత్రమైనది. ఎదుటి పక్షం మాటలు వినిపిస్తే మనసు మెత్తబడుతుందేమోనని, ట్విటర్ వాడేవాళ్లకు డబ్బిచ్చి నెల రోజులు వ్యతిరేక పక్షం పోస్టులు చూపించారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా ఇంకా గట్టిపడ్డారు.

ఈ అధ్యయనాలన్నీ పడమటి దేశాలవి. మన దగ్గరికి అలాగే తెచ్చి అతికించకూడదు. ‘ఎవరి గూటిలో వాళ్లు కూర్చుని తమవాళ్ల మాటే వింటున్నారు’ అన్న సిద్ధాంతం తెలుగిళ్లకు నాకు అంతగా పొసగదనిపిస్తుంది. మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో జగన్ అభిమాని బాబాయి, చంద్రబాబు అభిమాని మేనమామ, పవన్ కల్యాణ్ కోసం ప్రాణమిచ్చే తమ్ముడు, మోదీని పల్లెత్తు మాట అననివ్వని బావగారు అందరూ ఉంటారు. ఎదుటి పక్షం మాట మనకు తెలియక కాదు, రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటే వస్తుంది. ఒకసారి గొడవవుతుంది, పెద్దమ్మ బాధపడుతుంది, బావగారు గ్రూపులోంచి లెఫ్ట్ అవుతారు. ఎవరో నచ్చజెప్పి మళ్లీ కలుపుతారు. తరవాత అడ్మిన్ ఒక నోటీసు పెడతాడు: ‘ఈ గ్రూపులో రాజకీయాలు వద్దు.’ తెలుగు సమాజంలో బాగా అమలవుతున్న సెన్సార్ నిబంధన ఇదే. ఒకరినొకరు ఎరిగిన, ఒకరి మాటకొకరు విలువిచ్చే మనుషులు మౌనం పాటిస్తున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లే బహిరంగంగా వాదించుకుంటున్నారు. మన చర్చకున్న అసలు జబ్బు ఇదని నా అభిప్రాయం, బూతులు దాని పైపై లక్షణం.

ఆ ఖాళీలోకి పార్టీలు దిగాయి. ప్రతి పార్టీకీ సోషల్ మీడియా విభాగం ఉంది, నియోజకవర్గానికొక ఇన్‌చార్జి ఉన్నాడు, పొద్దున్నే ‘కంటెంట్’ దిగుతుంది. కామెంటుకు ఐదు రూపాయలు పేటీఎంలో పడతాయన్న వెక్కిరింత నుంచే ‘పేటీఎం బ్యాచ్’ అన్న మాట పుట్టింది. ఎవరికి ఎంత పడిందో ఎవరూ చూడలేదు. కానీ ఆ మాట చేసిన పని చూడండి: ఎవడైనా ఏదైనా నిజంగా నమ్మి రాసినా, అది డబ్బుకు రాసిందే అవుతుంది. ‘పచ్చ’, ‘నీలి’, ‘సంఘీ’, ‘కమ్మీ’, ‘గొర్రె’ ఒక్కొక్కటీ ఎదుటివాడి వాదన వినకుండా తప్పించుకునే దారి. పత్రికలూ చానళ్లూ పార్టీలవారీగా విడిపోయి చాలా ఏళ్లయింది గనక, ఏ రుజువు చూపించినా ‘అది ఎవరి పేపరు?’ అన్న ప్రశ్నతో కొట్టిపారేయవచ్చు.

పార్టీ నాయకులు దీనికి బాధితుల్లా మాట్లాడతారు గానీ, వాళ్లే గురువులు. ప్రెస్‌మీట్లలో ఆడవాళ్ల మీద, కుటుంబాల మీద మాట్లాడిన మాటలే క్లిప్పులై కింది స్థాయికి ప్రవహించాయి. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన భార్యను కించపరిచారంటూ చంద్రబాబునాయుడు సభ వదిలి వెళ్లి, విలేఖరుల ముందు కంటతడి పెట్టుకున్నారు. ఆ రోజు రెండు పార్టీల అభిమానులు ఆన్‌లైన్లో ఏం రాశారో చదివినవాళ్లకు, నాయకులు ఎంత వరకు వెళ్తే అనుచరులు ఇంకెంత దూరం వెళ్తారో అర్థమవుతుంది.

ఆన్‌లైన్ గుంపు తీర్పు ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే ‘దిశ’ సంఘటనను తేదీలవారీగా చూడాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద ఒక యువ వెటర్నరీ డాక్టరును ఎత్తుకెళ్లి అత్యాచారం చేసి చంపేశారు. మర్నాడు షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి వంతెన కింద కాలిన శవం దొరికింది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతున్నా, కొన్ని గంటల్లోనే ఆమె పేరూ ఫొటో దేశమంతా హ్యాష్‌ట్యాగ్ అయ్యాయి. పోలీసులే ముందుకొచ్చి ‘దిశ’ అని పిలవండని కోరాల్సి వచ్చింది. నిందితులు నలుగురైతే, వాళ్లలో ముస్లిం అయిన ఒక్కడి పేరే పట్టుకుని మతం రంగు పూసిన పోస్టులు తిరిగాయి. ఇంకో పక్క ‘వరంగల్ లాగే చేయండి’ అన్న డిమాండు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు అక్కడ ఎస్పీగా ఉన్న అధికారే 2019లో సైబరాబాద్ కమిషనర్ అన్న సంగతి అందరి ఫోన్లలో తిరిగింది.

డిసెంబరు 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆన్‌లైన్లో ఆ రోజు ఎన్‌కౌంటర్‌ను ప్రశ్నించిన ప్రతివాడూ రేపిస్టుల తరఫువాడే. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది: 21 పనిదినాల్లో తీర్పు, మరణశిక్ష. అంటే సంఘటన జరిగి రెండు వారాలు దాటగానే చట్టం! ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది అమల్లోకి రాలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు చనిపోవాలన్న ఉద్దేశంతోనే వాళ్ల మీద కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని కమిషన్ చెప్పింది. పది రోజులు దేశాన్ని ఊపేసిన హ్యాష్‌ట్యాగులలో ఒక్కటి కూడా ఆ నివేదిక కోసం తిరిగి లేవలేదు. ఆన్‌లైన్ కోపానికి జ్ఞాపకం ఉండదు. చట్టసభలు ఆ కోపానికి భయపడి చట్టాలు చేస్తే, చట్టాలకూ అదే గతి.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో 95 మంది మహిళా నాయకులకు వచ్చిన ట్వీట్లను ఆమ్నెస్టీ ఇండియా విశ్లేషించింది. దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి అభ్యంతరకరమైనదో, బూతో. నాయకురాళ్ల కథ అది. 2024 మార్చిలో తెనాలిలో ఒక మామూలు గృహిణి, తనకు ఇంటి పట్టా వచ్చిందన్న సంతోషం ఒక యూట్యూబ్ చానల్ ముందు చెప్పుకుంది. అది ప్రభుత్వ పథకం, ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. వీడియో పాకింది, ట్రోలింగ్ మొదలైంది. కొద్దిరోజులకే ఆమె చనిపోయింది. ట్రోలింగ్ వల్లే చనిపోయిందని ఒక పార్టీ, అది ప్రమాదమని ఇంకో పార్టీ ఆమె మరణం మీద మళ్లీ అదే కామెంట్ల పెట్టెలో యుద్ధం చేశాయి. ఆమె పిల్లలు పెద్దయ్యాక ఆ కామెంట్లు అక్కడే ఉంటాయి.

అబద్ధాల మీద పరిశోధన చాలా జరిగింది, ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 పుకార్లను పరిశీలించిన ఎంఐటీ పరిశోధకులు, నిజంకన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని 2018లో తేల్చారు. దానికి కారణం బాట్‌లు కాదు, మనుషులే. మన దేశంలో రాజకీయ వాట్సాప్ గ్రూపుల మీద కిరణ్ గరిమెళ్ల, డీన్ ఎకిల్స్ చేసిన పరిశీలనలో, అక్కడ తిరిగే బొమ్మల్లో దాదాపు 13 శాతం తప్పుడు సమాచారమే. వీటిలో కొన్ని పాత ఫొటోలు, వేరే ఊరివి, కొత్త శీర్షికతో వచ్చినవి. దీనికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు.

2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాల పుకారు ఇలాగే తిరిగింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మే నెలలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. ఆ తరవాతే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో బాగా తిరిగిన మెసేజ్‌లకైతే ఒకే చాట్‌కు పరిమితం చేసింది. 2018లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపించి, పుకార్లు నమ్మొద్దని డప్పు వేయించి, పాటలు పాడించారు. కేసుల కట్టకన్నా ఆ పాటలే ఎక్కువ పనిచేశాయని నాకు నమ్మకం. అబద్ధం ఊరికి వచ్చేది ఫోన్లో, కానీ దాన్ని నమ్మేది పక్కింటివాడు చెప్పాడనే. విరుగుడూ ఆ దారినే వెళ్లాలి. ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు హైదరాబాద్ నుంచి తెలుగులో నిజనిర్ధారణ చేస్తున్నాయి. మంచి పని. కానీ వాళ్ల వ్యాసం చదివేవాడు అప్పటికే అనుమానం ఉన్నవాడు.

ఇక చట్టం. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించే సందేశానికి కూడా మూడేళ్ల జైలు చెప్పింది. 2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలిని కూడా అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను కొట్టేశారు. కొట్టేసిన చట్టం కిందే పోలీసులు ఆ తరవాతా కేసులు పెడుతూ వచ్చారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించవద్దని.

మన రెండు రాష్ట్రాల చరిత్ర వరసగా చూడండి. 2017 ఏప్రిల్‌లో టీడీపీ ప్రభుత్వం, శాసనమండలి మీద వ్యంగ్య చిత్రం పెట్టినందుకు ‘పొలిటికల్ పంచ్’ అనే పేజీ నిర్వాహకుడిని అరెస్టు చేసింది. అప్పుడు వైఎస్సార్‌సీపీ భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడింది. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ప్రశ్నలున్న పోస్టు షేర్ చేసినందుకు గుంటూరులో అరవై దాటిన మహిళకు వైఎస్సార్‌సీపీ ప్రభుత్వంలోని సీఐడీ నోటీసు ఇచ్చింది. అప్పుడు టీడీపీ భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడింది. అదే ఏడాది అక్టోబరులో న్యాయమూర్తులను దూషించిన పోస్టుల విషయంలో దర్యాప్తు సరిగా లేదని హైకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించింది. అంటే ఎవరిని పట్టుకోవాలన్నది ఎవరు తిట్టారన్నదాన్ని బట్టి ఉందన్నమాట. 2024 నవంబరులో టీడీపీ కూటమి ప్రభుత్వం వైఎస్సార్‌సీపీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసపెట్టి కేసులు పెట్టింది. వాటిలో నిజంగా నీచమైన పోస్టులు ఉన్నాయి, ఆడవాళ్ల మీద, చిన్నపిల్లల మీద రాసినవి. అలాంటివాటిని శిక్షించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ అవే నీచమైన పోస్టులు తమ పక్షంవాళ్లు రాసినప్పుడు కేసులు రాసే కలాలు కదలలేదు. తెలంగాణలో 2025 మార్చిలో ముఖ్యమంత్రిని ఒక వృద్ధుడు తిట్టిన వీడియో ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున ఇంటికెళ్లి తీసుకెళ్లారు. అప్పుడు బీఆర్‌ఎస్ స్వేచ్ఛ గురించి మాట్లాడింది. పదేళ్ల అధికారంలో వాళ్లకా మాట అంతగా గుర్తు రాలేదు.

ఈ వరసలో కాస్త ఊరటనిచ్చేవి రెండు తీర్పులు. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, మాటల మీద కేసు పెట్టే ముందు, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, ప్రాథమిక విచారణ చేయడం మేలని చెప్పింది. అదే సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఒక రాజకీయ కార్యకర్త ట్వీట్ల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదు చేసినవాడికి ఆ విషయంతో నిజంగా సంబంధం ఉందా చూడాలి. పరువునష్టం అయితే పోలీసులు నేరుగా కేసు కట్టకూడదు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమనాలి. ఘాటైన రాజకీయ విమర్శ అన్నంత మాత్రాన నేరం కాదు. చాలా కేసుల్లో ఫిర్యాదుదారు తిట్టించుకున్నవాడు కాదు, అతని పార్టీ మండల కార్యకర్త. మొదటి నియమం ఒక్కటి పాటించినా సగం కేసులు స్టేషన్ గడప దాటవు.

నా తీర్పు ఇది. తెలుగులో ఆన్‌లైన్ రాజకీయ చర్చ చెడిపోయింది జనం సంస్కారం తక్కువై కాదు. కొద్దిమంది అరుపును యంత్రం పెద్దది చేసింది, ఆ అరుపును పార్టీలు జీతానికి పెట్టుకున్నాయి, పోలీసులు ఎదుటి పార్టీ అరుపునే నేరంగా లెక్కించారు. ఈ మూడింటికీ భయపడి తెలిసినవాడు నోరు మూసుకున్నాడు. కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి. పత్రికలు ‘నెటిజన్లు ఫైర్’ వార్తలు మానేయాలి. కావాలంటే సంపాదకుడికి ఉత్తరాల శీర్షికను పేరూ ఊరూ అడిగి మళ్లీ తెరవచ్చు. వాట్సాప్ అడ్మిన్లు ‘రాజకీయాలు వద్దు’ అనే బదులు ‘ఆధారం లేకుండా వద్దు, ఇంటివాళ్ల జోలికి వద్దు’ అని రాసి చూడాలి. నీటిపారుదలలో, ఆస్పత్రుల్లో, బడుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు తెలుగులో, తమ పేరుతో, తమ సంగతి మీద మాత్రమే రాయాలి. రెండు లైకులే వచ్చినా, ఆ రెండూ చదివినవాళ్లవి.

ఇంకొకటి ప్రభుత్వాల చేతిలో ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణ, 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గత పాలన మీద వరసగా శ్వేతపత్రాలు విడుదల చేశాయి. ఆ అలవాటు ఉండనే ఉంది గనక ఇంకొకటి విడుదల చేయాలి: 2014 నుంచి సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన కేసులెన్ని, ఫిర్యాదు చేసిందెవరు, చార్జిషీటు దాకా వెళ్లినవెన్ని, శిక్ష పడినవెన్ని. అందులో తమ పాలనా కాలం కూడా కలపాలి.